క్యాల్షియం అదుపు తప్పినప్పుడు గుండె కండర కణానికి ఏమవుతుంది?

ప్రశ్న: జీవరసాయన విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. గుండె కొట్టుకోవాలంటే క్యాల్షియం ఉండి తీరాలని పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం చెబుతుంది. అదే క్యాల్షియం కణంలో పేరుకుపోతే ఆ కణం నాశనమవుతుందని తరువాతి అధ్యాయం చెబుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న మెట్లే నాకు అందడం లేదు. క్యాల్షియం అధికమవడం వల్ల కణమరణం సంభవిస్తుందని ఒక్క వాక్యంలో ముగించేస్తున్నారు తప్ప, ఆ అధిక క్యాల్షియం ఎక్కడి నుంచి వస్తుంది, వచ్చాక మొదట దెబ్బతినేది ఏది, ఏ దశ దాటితే కణం ఇక కోలుకోదు అన్నవి విడమరచి చెప్పడం లేదు.

ముఖ్యంగా రెండు సందేహాలు ఉన్నాయి. గుండెకు రక్తం తెచ్చే ధమని మూసుకుపోయినప్పుడు ఆక్సిజన్ అందక కణాలు చనిపోతాయన్నది సులభంగానే అర్థమవుతుంది. కానీ అడ్డు తొలగి రక్తం మళ్లీ పారిన తొలి నిమిషాల్లోనే మరికొన్ని కణాలు చనిపోతాయని, అందులో క్యాల్షియానిదే పెద్ద పాత్ర అని చదివాను. ఆక్సిజన్ తిరిగి అందిన తరువాత కణం ఎందుకు చావాలి? రెండవది, రక్తపరీక్షలో క్యాల్షియం మామూలుగానే ఉన్న మనిషిలో గుండె కణాల క్యాల్షియం అదుపు తప్పడం సాధ్యమేనా? తెలిసినవారు కొంచెం వివరంగా రాస్తే నాకెంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం: శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు

మీ రెండవ సందేహం తేలితే మొదటిది దానంతటదే దారిలో పడుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. రక్తంలోని క్యాల్షియం వేరు, గుండె కణం లోపలి ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే క్యాల్షియం వేరు. కణం వెలుపల స్వేచ్ఛా క్యాల్షియం అయాన్ల గాఢత సుమారు 1.2 మిల్లీమోలార్ ఉంటుంది. సడలి ఉన్న కణం లోపల అది సుమారు 100 నానోమోలార్ మాత్రమే, అంటే బయటి గాఢతలో దాదాపు పదివేలవ వంతు. ఈ తేడాను నిలబెట్టేది కణపొర, అందులోని పంపులు, కణం లోపలి నిల్వ గదులు. ఇవి పాడైతే రక్తంలో క్యాల్షియం ఎంత చక్కగా ఉన్నా లోపల అదుపు తప్పుతుంది. కనుక మీ ప్రశ్నకు సమాధానం సాధ్యమేననే. ఇంకా చెప్పాలంటే గుండెజబ్బుల్లో ఎక్కువగా జరిగేది అదే.

ఒక్క గుండె చప్పుడులో ఏం జరుగుతుందో చూడండి. విద్యుత్ ప్రేరణ కణపొర మీదుగా, పొర లోపలికి చొచ్చుకుపోయిన సన్నని టీ గొట్టాల మీదుగా పాకినప్పుడు అక్కడి ఎల్ రకపు క్యాల్షియం ద్వారాలు తెరుచుకుని కొద్దిపాటి క్యాల్షియం లోపలికి వస్తుంది. ఆ కొద్దిపాటిది తానుగా కణాన్ని బలంగా ముడుచుకునేలా చేయలేదు. అయితే అది వచ్చి చేరే చోటికి పట్టుమని 15 నానోమీటర్ల దూరంలోనే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే నిల్వ గది గోడ ఉంటుంది, ఆ గోడ నిండా రయనోడిన్ గ్రాహకాలనే ద్వారాలు ఉంటాయి. బయటి నుంచి వచ్చిన క్యాల్షియం తగలగానే అవి తెరుచుకుని అంతకు ఎన్నో రెట్ల క్యాల్షియాన్ని వదులుతాయి. స్వేచ్ఛా క్యాల్షియం 100 నానోమోలార్ నుంచి సుమారు 1 మైక్రోమోలార్ వరకు, అంటే పది రెట్లు ఎగబాకుతుంది, ట్రోపోనిన్ సి అనే ప్రోటీన్‌కు అంటుకుంటుంది, సంకోచ ప్రోటీన్లయిన ఆక్టిన్ తంతువుల మీద మయోసిన్ తలలు పట్టు సాధించడానికి దారి తెరుచుకుంటుంది, కణం ముడుచుకుంటుంది.

చాలామంది పాఠాన్ని ఇక్కడితో ఆపేస్తారు. నా అభిప్రాయంలో అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే వదిలిన క్యాల్షియాన్ని కొన్ని వందల మిల్లీసెకన్లలో తిరిగి ఎత్తి పెట్టకపోతే గుండె సడలదు, సడలకపోతే రక్తంతో నిండదు. మనిషి గుండె కణంలో ఆ క్యాల్షియంలో సుమారు 70 శాతాన్ని సెర్కా పంపు నిల్వ గదిలోకి తిరిగి చేరుస్తుంది. మిగిలినదాంట్లో అధికభాగాన్ని కణపొర మీది సోడియం-క్యాల్షియం వినిమయ ప్రోటీన్ బయటికి పంపుతుంది. సెర్కా రెండు క్యాల్షియం అయాన్లను ఎత్తడానికి, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువును ఒకదాన్ని ఖర్చు చేస్తుంది. వినిమయ ప్రోటీన్ నేరుగా ఏటీపీని వాడదు. మూడు సోడియం అయాన్లను లోపలికి రానిచ్చి ఒక క్యాల్షియాన్ని బయటికి నెడుతుంది, ఆ సోడియాన్ని మళ్లీ బయటికి తోడేది ఏటీపీతో నడిచే సోడియం-పొటాషియం పంపు. ఏ దారిన చూసినా బిల్లు చివరికి ఏటీపీ మీదే పడుతుంది. గుండె కణంలో ఉండే మొత్తం ఏటీపీ నిల్వ తిరిగి తయారు కాకపోతే పది సెకన్లపాటు కూడా సరిపోదని గుర్తుంచుకుంటే తరువాతి కథ ఎందుకంత వేగంగా నడుస్తుందో తెలుస్తుంది.

ధమని మూసుకుపోయిందనుకోండి. ఆక్సిజన్ వాడి ఏటీపీని తయారుచేసే మైటోకాండ్రియా ఆగిపోతుంది, కణం ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజును విరుచుకుని బతకడానికి ప్రయత్నిస్తుంది, ఆమ్లత పెరుగుతుంది. ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి కణపొర మీది మరో వినిమయ ప్రోటీన్ ఒక్కొక్క హైడ్రోజన్ అయానును బయటికి పంపి ఒక్కొక్క సోడియాన్ని లోపలికి తెస్తుంది. వచ్చిన సోడియాన్ని తోడేయవలసిన పంపుకు ఏటీపీ లేదు. లోపల సోడియం పెరిగేకొద్దీ ఇందాక చెప్పిన సోడియం-క్యాల్షియం వినిమయం వెనక్కి తిరుగుతుంది, అంటే క్యాల్షియాన్ని బయటికి పంపవలసిన ప్రోటీనే దాన్ని లోపలికి తేవడం మొదలుపెడుతుంది. మీరడిగిన అధిక క్యాల్షియం ప్రధానంగా వచ్చే దారి ఇదే. క్యాల్షియం ద్వారాలు విపరీతంగా తెరుచుకోవడం వల్ల ఇలా జరుగుతుందని విద్యార్థులు అనుకుంటూ ఉంటారు, కానీ ఇక్కడ తొలి అడుగు సోడియానిది.

ఇక మీ మొదటి సందేహం. రక్తం తిరిగి పారినప్పుడు కణం వెలుపలి ఆమ్లం క్షణాల్లో కడుక్కుపోతుంది, లోపలి ఆమ్లం అలాగే ఉంటుంది. లోపలికీ బయటికీ తేడా పెరగడంతో హైడ్రోజన్ బయటికి, సోడియం లోపలికి మరింత ఉధృతంగా కదులుతాయి, దాని వెంట క్యాల్షియం వస్తుంది. అదే సమయంలో ఆక్సిజన్ అందిన మైటోకాండ్రియా ఏటీపీని తయారుచేయడం మొదలుపెడుతుంది. ఏటీపీ ఉంది, క్యాల్షియం మితిమీరి ఉంది. సంకోచానికి కావలసిన రెండూ ఒకేసారి దొరకడంతో తంతువులు సడలే వ్యవధి లేకుండా బిగుసుకుపోతాయి. సెర్కా కూడా మేల్కొని దొరికిన క్యాల్షియాన్ని నిల్వ గదిలో కుక్కుతుంది, గది పొంగి వదిలేస్తుంది, మళ్లీ కుక్కుతుంది. ఈ ఊగిసలాటలో ప్రతి విడుదలా మరో బిగింపు. పక్కపక్క కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకటి అతిగా ముడుచుకుంటే దాని పొరతో పాటు పొరుగు కణపు పొర కూడా చిరుగుతుంది. ఇలా చనిపోయిన కండరాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే, మామూలుగా సమదూరంలో ఉండవలసిన అడ్డచారలు అక్కడక్కడ కుప్పపడి ముదురు గులాబీ రంగు పట్టీల్లా కనిపిస్తాయి. రక్తం తిరిగి అందిన కండరంలో ఈ సంకోచ పట్టీలు ప్రస్ఫుటంగా ఉంటాయి.

మైటోకాండ్రియా సంగతి ఇంకా లోతైనది. మామూలు రోజుల్లో మైటోకాండ్రియాలోకి కాస్త క్యాల్షియం వెళ్లడం మంచిదే. పైరువేట్ డీహైడ్రోజినేజ్ వంటి ఎంజైములను అది చురుకెక్కించి, గుండె వేగం పెరిగినప్పుడు ఏటీపీ తయారీని కూడా పెంచుతుంది. మితిమీరిన క్యాల్షియానికి ఆక్సిజన్ ప్రతిక్రియాశీల అణువులు తోడైతే మాత్రం మైటోకాండ్రియా లోపొరలో ఒక పెద్ద రంధ్రం తెరుచుకుంటుంది. అది తెరుచుకోగానే పొరకు ఇరువైపులా ఉన్న విద్యుత్ తేడా పడిపోతుంది, ఏటీపీ తయారీ ఆగిపోవడమే కాక తయారుచేసే యంత్రమే తిరగబడి ఉన్న ఏటీపీని విరిచేస్తుంది, నీరు చొరబడి మైటోకాండ్రియా ఉబ్బి పగులుతుంది. రక్తం అందని సమయంలో కణంలోని ఆమ్లత ఈ రంధ్రాన్ని మూసి ఉంచుతుందని, రక్తం తిరిగి అంది ఆమ్లత తగ్గాక అది తెరుచుకుంటుందని 1995లో గ్రిఫిత్స్, హాలెస్ట్రాప్ ఎలుక గుండెల మీద చూపించారు. ఊపిరి అందిన తరువాత చావడం ఎందుకన్న మీ ప్రశ్నకు దీనికంటే సూటి జవాబు నాకు తెలియదు. చాలా మైటోకాండ్రియాల్లో ఈ రంధ్రం తెరుచుకుని అలాగే ఉండిపోతే ఆ కణం ఇక కోలుకోదు.

కాల్‌పైన్ల గురించి క్లుప్తంగా. ఇవి క్యాల్షియం తగిలితే పనిచేసే ప్రోటీన్ ఛేదక ఎంజైములు. కణపొరకు దన్నుగా ఉండే స్పెక్ట్రిన్ వంటి ప్రోటీన్లను ఇవి ముక్కలు చేయడంతో, అసలే లాగుడుకు గురవుతున్న పొర మరింత బలహీనపడుతుంది. పొర చిరిగాక ట్రోపోనిన్ రక్తంలోకి కారుతుంది; గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు ఆసుపత్రిలో కొలిచేది దాన్నే.

సమాధానం: చరిత్రపై ఆసక్తి ఉన్న పాఠకుడు

అధ్యాపకుల వివరణకు రెండు పాత ప్రయోగాలను చేర్చాలనిపించింది. 1880ల తొలినాళ్లలో లండన్‌లో సిడ్నీ రింగర్ వేరుచేసిన కప్ప గుండెలను ఉప్పు ద్రావణంలో కొట్టుకునేలా ఉంచేవారు. కుళాయి నీటితో చేసిన ద్రావణంలో గుండె చక్కగా కొట్టుకునేది, శుద్ధి చేసిన స్వేదన జలంతో చేసినదాంట్లో మాత్రం త్వరలోనే బలహీనపడి ఆగిపోయేది. ఆ తేడాకు కారణం కుళాయి నీటిలోని క్యాల్షియమేనని ఆయన 1883లో ప్రచురించారు. గుండెకు క్యాల్షియం కావాలన్న మాటకు పునాది అదే.

రెండవది 1966 నాటిది. జిమర్‌మన్, హుల్స్‌మన్ అనే ఇద్దరు ఎలుక గుండెకు కొద్ది నిమిషాలపాటు క్యాల్షియం లేని ద్రావణం ఎక్కించి, తరువాత మామూలు క్యాల్షియం ఉన్న ద్రావణాన్ని తిరిగి ఇచ్చారు. గుండె కోలుకోవాలి కదా? దానికి భిన్నంగా కణాలు మూకుమ్మడిగా బిగుసుకుని పగిలిపోయాయి. క్యాల్షియం లేని వ్యవధిలో కణపొరలూ కణాల మధ్య అతుకులూ సడలిపోవడం, లోపల సోడియం పేరుకోవడం వల్ల, తిరిగి వచ్చిన మామూలు మోతాదే వరదలా లోపలికి దూరుతుంది. దీన్నే క్యాల్షియం వైరుధ్యం అంటారు. కీడు చేసింది ద్రావణంలోని మోతాదు కాదని, ఆ మోతాదును బయటే ఆపలేని స్థితికి కణం చేరడమేనని ఈ ప్రయోగం కళ్లకు కట్టినట్టు చూపుతుంది. రక్తంలో మామూలు స్థాయి గురించి మీరడిగిన ప్రశ్నకు కూడా ఇది వర్తిస్తుంది.

సమాధానం: ప్రయోగశాల పరిశోధకురాలు

పైన వివరించినది ఉప్పెనలా వచ్చే నష్టం. నిదానంగా, ఏళ్ల తరబడి జరిగే నష్టం గురించి కూడా చెప్పకపోతే విషయం సగమే అవుతుంది. నా పని ఎలుక గుండె నుంచి విడదీసిన ఒంటరి కణాలను చూడడం. ఆరోగ్యంగా ఉన్న కణం సుమారు 100 మైక్రోమీటర్ల పొడవున, మూలలు తీరిన చిన్న ఇటుకలా, ఒంటినిండా సన్నని అడ్డచారలతో కనిపిస్తుంది. క్యాల్షియం తగిలితే వెలిగే రంగును అందులోకి ఎక్కించి చూస్తే, కణం విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా అక్కడొకటి ఇక్కడొకటి చిన్న మెరుపులు మెరిసి వెంటనే ఆరిపోతుంటాయి. 1993లో చెంగ్, లెడరర్, క్యానెల్ మొదటిసారి వర్ణించిన క్యాల్షియం మెరుపులు ఇవే. ఒక్కో మెరుపు కొద్దిపాటి రయనోడిన్ గ్రాహకాల గుంపు తెరుచుకోవడం వల్ల వస్తుంది, ఆరోగ్యవంతమైన కణంలో అది పక్క గుంపుకు అంటుకోదు.

నిల్వ గదిలో క్యాల్షియం మితిమీరినప్పుడు ఆ మెరుపు పక్కదాన్ని, అది దాని పక్కదాన్ని అంటించి ఒక చివర నుంచి మరో చివరకు అలలా పాకుతుంది. అలతో పాటు కణం కూడా ఒక కొస నుంచి ముడుచుకుంటూ వెళ్తుంది. విద్యుత్ ప్రేరణ ఏదీ ఇవ్వకుండానే ఇదంతా జరుగుతుంది. కొన్ని అలల తరువాత కొన్ని కణాలు ఇక సడలవు. ఇటుకలా ఉన్నది చూస్తూండగానే పొట్టిదై గుండ్రటి ముద్దగా మారుతుంది. అలా మారిన కణం మళ్లీ పొడవు సాగడం నేను చూడలేదు.

గుండె వైఫల్యంలో జరిగేది దీనికి నెమ్మది రూపం. సెర్కా పరిమాణం గాని దాని చురుకుదనం గాని తగ్గుతుంది, దాన్ని అణచి ఉంచే ఫాస్ఫోలాంబాన్ అనే ప్రోటీన్ పట్టు పెరుగుతుంది, మరోవైపు కామ్‌కైనేజ్ అనే ఎంజైము రయనోడిన్ గ్రాహకాలకు అదనపు ఫాస్ఫేట్ తగిలించడంతో అవి సడలింపు వేళలో కూడా కారుతుంటాయి. పంపేమో నిదానించింది, గదేమో కారుతోంది, చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ఫలితంగా సంకోచ సమయానికి చాలినంత క్యాల్షియం ఉండదు, సడలవలసిన సమయానికి మిగిలిపోయి ఉంటుంది. అందుకే ఒకే కణంలో బలహీనమైన సంకోచం, అసంపూర్ణమైన సడలింపు రెండూ కనిపిస్తాయి. కాబట్టి అసమతుల్యత అనగానే ఎక్కువ అని మాత్రమే అనుకోకండి. ఒకచోట తక్కువ, మరోచోట ఎక్కువ, అదీ వేళ తప్పి ఉండడమే ఇక్కడ జబ్బు.

కారిన క్యాల్షియం మరో ప్రమాదం కూడా తెస్తుంది. దాన్ని బయటికి పంపేటప్పుడు వినిమయ ప్రోటీన్ మూడు సోడియాలను లోపలికి తెస్తుందని పైన చదివారు. మూడు ధనావేశాలు వచ్చి రెండే వెళ్తాయి కనుక ప్రతిసారీ ఒకటి లోపల మిగులుతుంది. అలా పోగైన ఆవేశం చాలినంత అయితే వేళ కాని వేళ కణం ఉత్తేజితమై గుండె లయ తప్పుతుంది. రయనోడిన్ గ్రాహకపు జన్యువులో పుట్టుకతో మార్పు ఉన్న కొందరు పిల్లలు ఆటల్లోనో తీవ్రమైన భావోద్వేగంలోనో స్పృహ తప్పిపడిపోవడానికి కారణం ఇదే. వారి గుండె నిర్మాణం మామూలుగానే ఉంటుంది, విశ్రాంతిలో తీసిన ఈసీజీ కూడా మామూలుగానే ఉండవచ్చు. అందుకే అలా పడిపోయిన పిల్లవాడిని మూర్ఛ అనో భయం అనో వదిలేయకూడదు.

మరో ప్రశ్న: జీవరసాయన విద్యార్థిని

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సోడియం ముందు, క్యాల్షియం తరువాత అన్న వరుస నాకు ఎక్కడా ఇంత స్పష్టంగా దొరకలేదు. ఒక్కటే మిగిలింది. దారి ఇంత వివరంగా తెలిసినప్పుడు క్యాల్షియం ప్రవేశాన్ని మందులతో అడ్డుకుంటే కణాలను కాపాడవచ్చు కదా? క్యాల్షియం ద్వారాలను మూసే మందులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఎముకల కోసం వేసుకునే క్యాల్షియం మాత్రలకు, దీనికి సంబంధం ఉందా అని కూడా ఇంట్లో పెద్దవారు అడుగుతున్నారు.

సమాధానం: హృద్రోగ వైద్యుడు

మీకు వచ్చిన ఆలోచనే గొప్ప పరిశోధకులకూ వచ్చింది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్‌బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ 1960లలో, అడ్రినలిన్‌లా పనిచేసే ఐసోప్రొటెరెనాల్ అనే మందు అధిక మోతాదుతో ఎలుక గుండెలో కలిగే కణనాశనం క్యాల్షియం అతిగా చేరడం వల్లనేనని వాదించి, క్యాల్షియం ద్వారాలను మూసే వెరాపమిల్ అనే మందు దాన్ని తగ్గిస్తుందని చూపారు. క్యాల్షియం విరోధులు అన్న ఔషధ వర్గం ఆ కృషి నుంచే ఎదిగింది. రక్తపోటుకు, ఛాతీనొప్పికి, కొన్ని రకాల లయదోషాలకు అవి ఇప్పటికీ మంచి మందులు. అయితే గుండెపోటులో కణాలను అవి ఆశించినట్టు కాపాడలేకపోయాయి. కారణం అధ్యాపకులు చెప్పినదే: అక్కడ క్యాల్షియం ముఖ్యంగా వచ్చేది ఎల్ రకపు ద్వారాల గుండా కాదు. పైగా ఆ ద్వారాలను మూస్తే బతికున్న కణాల సంకోచబలం కూడా తగ్గుతుంది. పంపింగ్ శక్తి తగ్గిన గుండె వైఫల్యంలో వెరాపమిల్, అదే వర్గపు డిల్టియాజెమ్ వాడవద్దనడానికి కారణం అదే.

సోడియం వచ్చే దారినే మూద్దామని కారిపొరైడ్ అనే మందును బైపాస్ శస్త్రచికిత్స రోగుల్లో పరీక్షించారు. గుండెపోట్లు తగ్గాయి, అంటే ఆలోచన సరైనదే. కానీ మెదడుకు సంబంధించిన పోట్లు పెరిగి మరణాలు ఎక్కువయ్యాయి, మందును పక్కన పెట్టారు. మైటోకాండ్రియా రంధ్రాన్ని మూయగల సైక్లోస్పోరిన్‌ను 970 మంది గుండెపోటు రోగుల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు, ప్రయోజనం కనిపించలేదు. గుండె వైఫల్యంలో సెర్కా జన్యువును వైరస్ ద్వారా అందించే ప్రయత్నం 250 మందిలో జరిగింది, 2016లో వెలువడిన ఆ ఫలితాలూ నిరాశే మిగిల్చాయి. వీటిని చూసి సిద్ధాంతం తప్పని అనుకోవద్దు. చిన్న జంతువులో రక్తం తిరిగి పారే క్షణానికి ముందే మందు సిద్ధంగా ఉంచవచ్చు, రోగి మాత్రం పోటు మొదలైన చాలాసేపటికి మా దగ్గరికి వస్తారు. జన్యువు విషయంలో అయితే అది చాలినన్ని కణాలకు చేరనేలేదన్నది ఒక ముఖ్యమైన వివరణ.

నేటికీ కణాలను అన్నిటికంటే ఎక్కువగా కాపాడేది ధమనిని త్వరగా తెరవడమే. రక్తం తిరిగి అందినప్పుడు జరిగే నష్టం నిజమే అయినా, రక్తం అందకపోతే జరిగే నష్టం దానికంటే ఎన్నో రెట్లు. ఈ చర్చ చదివి ఎవరూ చికిత్సకు వెనుకాడకూడదని ప్రత్యేకంగా కోరుతున్నాను. గుండె వైఫల్యంలో బీటా నిరోధకాలు ఇవ్వడానికి కూడా ఈ చర్చతో సంబంధం ఉంది. అడ్రినలిన్ ఒత్తిడిని తగ్గించడం వల్ల పరిశోధకురాలు వివరించిన ఆ కారడం కూడా తగ్గుతుంది.

డిజాక్సిన్ అనే గుండె మందు ఈ విషయానికి మంచి ఉదాహరణ. అది సోడియం-పొటాషియం పంపును కొద్దిగా అణచి, లోపల సోడియాన్ని కాస్త పెంచి, ఆ మేరకు క్యాల్షియాన్ని నిల్వ గదిలో నిలిపి సంకోచబలం పెంచుతుంది. మోతాదు మించితే అదే దారిన నిల్వ పొంగి, అలలు పుట్టి, లయ తప్పుతుంది. ఔషధానికీ విషానికీ మధ్య ఎడం ఇక్కడ చాలా తక్కువ కనుకనే ఆ మందు వాడేవారికి మూత్రపిండాల పనితీరు, పొటాషియం పరీక్షలు తరచుగా చేయిస్తాం.

మాత్రల సంగతి. రక్తంలో మొత్తం క్యాల్షియం సాధారణంగా డెసీలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది, పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి దాన్ని ఆ హద్దుల్లో గట్టిగా పట్టి ఉంచుతాయి. వైద్యుడు చెప్పిన మోతాదులో వేసుకునే మాత్ర గుండె కణం లోపలి క్యాల్షియాన్ని పైన చెప్పిన రీతిలో పెంచదు. రక్తంలో స్థాయి బాగా పడిపోతే ఈసీజీలో క్యూటీ వ్యవధి (గుండె దిగువ గదులు విద్యుత్‌పరంగా ఉత్తేజితమై తిరిగి విశ్రాంతికి చేరే సమయం) సాగుతుంది, బాగా పెరిగితే కుంచించుకుపోతుంది. రెండూ లయను చెడగొట్టగలవు. విటమిన్ డి తీవ్రంగా లోపించిన పసిపిల్లల్లోను, పారాథైరాయిడ్ పనిచేయనివారిలోను దీర్ఘకాలం క్యాల్షియం తక్కువై గుండె కండరమే నీరసించిన సందర్భాలు ఉన్నాయి. అవి అరుదు, క్యాల్షియం సరిచేస్తే చాలావరకు గుండె కోలుకుంటుంది కూడా. సీటీ స్కాన్‌లో చెప్పే క్యాల్షియం స్కోరు మాత్రం ధమని గోడలో గట్టిపడిన నిక్షేపాల కొలత, కండర కణం లోపలి అయాన్లతో దానికి నేరు సంబంధం లేదు. మీ ఇంట్లో పెద్దవారికి ఇంతకుముందు మూత్రపిండాల్లో రాళ్లు వచ్చి ఉన్నా, వారు డిజాక్సిన్ వాడుతున్నా, ఆ మాత్ర సంగతి వారి వైద్యునికి తప్పక చెప్పమనండి.